ఇల్లు కూలిన కుటుంబాన్ని విడదీయకుండా ఎక్కడ ఉంచాలి?

ప్రశ్న: సోషల్ టీచర్, నల్లగొండ

అందరికీ నమస్కారం. నల్లగొండలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ చెప్తాను. మా ఏడో తరగతి పాప ఒకతె ఈ మధ్య హోంవర్క్ చేయకుండా, నోట్సులు లేకుండా వస్తుంటే పక్కకు పిలిచి అడిగాను. వానలకు వాళ్ళుండే కిరాయి ఇంటి వెనక గోడ పడిపోయిందట. పాత మట్టి గోడలు, పైన బెంగళూరు పెంకులు. మిగతాది ఎప్పుడు మీద పడుతుందోనని ఓనరు ఖాళీ చేయమన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేను. వెళ్ళి చూశాను, అందులో మనుషులు ఉండే పరిస్థితి లేదు.

ఇంట్లో ఐదుగురు. తండ్రి బత్తాయి మార్కెట్లో హమాలీ. తల్లి ఇళ్ళలో పనికి పోతుంది. నానమ్మకు పింఛన్ 2,016 వస్తుంది. అన్న పదో తరగతి, మా బడే. ఇప్పుడు సామాన్లన్నీ పక్కింటి అరుగు మీద టార్పాలిన్ కప్పి పెట్టుకున్నారు. ఆడవాళ్ళు ముగ్గురు రాత్రికి ఒక చుట్టాల ఇంట్లో పడుకుంటారు, తండ్రీకొడుకులు సామాన్లకు కాపలాగా ఆ అరుగు మీదే. పిల్లవాడు మార్చిలో పరీక్షలు రాయాలి.

ఒక మున్సిపాలిటీ నడిపే వసతి కేంద్రానికి ఫోన్ చేశాను, ఏ ఊరిదో చెప్పను. ఎత్తినాయన మర్యాదగానే మాట్లాడాడు. మగవాళ్ళకు ఒక హాలు, ఆడవాళ్ళకు వేరే గది అన్నాడు. మనిషికి ఒక బ్యాగు. పొద్దున లేచి వెళ్ళిపోయి సాయంత్రం రావాలి. ఆ మాట తల్లికి చెప్తే, "పిల్లగాణ్ణి తెలియనోళ్ళ మధ్యన పడుకోబెట్టి నేను ఇంకో గదిలో ఎట్ల నిద్రపోతా మేడం?" అంది. నా దగ్గర జవాబు లేదు.

స్టాఫు, పాత విద్యార్థులు కలిసి అరవై వేల దాకా జమ చేయగలం. ఒకరేమో బడి వెనక రేకుల షెడ్డు వేద్దామంటున్నారు. ఒకరు వీళ్ళకు కొన్ని నెలల కిరాయి కట్టేద్దామంటారు. వసతి కేంద్రానికి మంచాలు, దుప్పట్లు ఇద్దామనేవాళ్ళు కూడా ఉన్నారు. ఇది ఈ ఒక్క కుటుంబంతో అయిపోయేది కాదు, ప్రతి వానాకాలం ఇలాంటి పిల్లలు ఒకరిద్దరు మా దగ్గర తేలుతూనే ఉంటారు. ఈ పనుల్లో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏది చేస్తే నిజంగా పనికొస్తుందో చెప్పండి.

జవాబు: ఆర్పీ అక్క, మహబూబ్‌నగర్

టీచరమ్మా, నమస్తే. నేను పాలమూరులో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) కింద ఆర్పీగా, అంటే రిసోర్స్ పర్సన్‌గా చేస్తున్న. పొదుపు సంఘాలు చూసుకోవడం నా పని, కానీ నిరాశ్రయుల సర్వే అంటే మమ్మల్నే పంపిస్తారు. రాత్రిపూట బస్టాండు, రైల్వే స్టేషను, ఆస్పత్రి వరండాలు తిరిగి పడుకున్నవాళ్ళను లేపి రాసుకోవాలి. తిట్టించుకుంటాం కూడా.

ఆ సర్వేలో మాకు దొరికేది ఎవరనుకున్నారు? ఒంటరి మగవాళ్ళు, ఇంట్లోంచి వెళ్ళగొట్టిన ముసలివాళ్ళు, రోగుల వెంట వచ్చినవాళ్ళు. కుటుంబాలు దాదాపు దొరకవు. వాళ్ళు లేకనా? ఆడపిల్ల ఉన్న తల్లి బస్టాండులో పడుకోదు కదా. మొదట చెల్లెలింటికి పోతుంది. అక్కడ మాట పడ్డాక ఇంకో చుట్టం ఇల్లు, ఆ తర్వాత పనిచేసే ఇంటామె సెల్లార్ గది. మా పాలమూరులో ఇల్లు తాళం వేసి పుణె, బొంబాయి పోయినవాళ్ళు తిరిగొచ్చేసరికి గోడ పడి ఉండటం కూడా ఉంది. వీళ్ళంతా తల దాచుకునే చోటు లేనివాళ్ళే, కానీ ఏ రాత్రి సర్వేకూ కనబడరు. కనబడనివాళ్ళను లెక్కలో వేయరు. లెక్కలో లేనివాళ్ళ కోసం గదులు ఎవరు కడతారు? మీకు ఫోన్‌లో వచ్చిన జవాబుకు మూలం ఇక్కడుంది. ఆ కేంద్రం వచ్చేవాళ్ళను బట్టి ఒంటరి మగవాళ్ళకు సరిపోయేట్టు తయారైంది.

కాగితం మీద మాత్రం అట్ల లేదు. సుప్రీంకోర్టు 2010లో గట్టిగా చెప్పాక, 2013లో వచ్చిన పట్టణ జీవనోపాధుల మిషన్‌లో నిరాశ్రయుల వసతికి వేరే పథకమే పెట్టారు. ఆ పథకం నిబంధనల్లో రాసింది ఇది: లక్ష జనాభాకు కనీసం వంద మంది ఉండే కేంద్రం ఒకటి ఉండాలి. మనిషికి 50 చదరపు అడుగులు తగ్గకూడదు. ఏడాదంతా, ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలి, అంటే పొద్దున్నే బయటికి పొమ్మనే పద్ధతి తప్పు. నీళ్ళు, మరుగుదొడ్డి, వంట చేసుకునే చోటు, సామాన్లకు లాకర్లు, పిల్లలను అంగన్‌వాడీకి కలపడం ఇవన్నీ అందులో ఉన్నాయి. మగవాళ్ళకు, ఆడవాళ్ళకు, కుటుంబాలకు విడివిడిగా కేంద్రాలు పెట్టొచ్చని కూడా రాసి ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ 2011 లెక్కల్లోనే లక్ష దాటిన ఊళ్ళు.

అందుకని మీరు అడగాల్సింది దుప్పట్లు కాదు. దుప్పట్లు చలికాలంలో ప్రతి సంఘమూ ఫొటో దిగి ఇచ్చి పోతుంది, మా దగ్గర బీరువాల నిండా ఉన్నాయి. ఉన్న కేంద్రంలో ఒక గదినో, హాలులో ఒక మూలనో ప్లైవుడ్ గోడలు పెట్టి, తలుపూ గొళ్ళెమూ ఉన్న రెండు మూడు చిన్న గదులు చేయమని అడగండి. కుటుంబం మొత్తం ఒక తలుపు వెనక ఉండాలి, అంతే. పెద్ద ఖర్చు కాదు. ఒక కాగితం రాసి సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి, మున్సిపల్ కమిషనర్‌కు ఒక కాపీ ఇచ్చి రసీదు తీసుకోండి. టీచర్లు అడిగితే ఒక తీరు వింటారు, మేము అడిగితే ఇంకో తీరు వింటారు. ఉన్న మాటే చెప్తున్న.

ఇక మీ అరవై వేలు. షెడ్డు వద్దు. వేసవిలో రేకుల కింద పిల్లలు ఉడికిపోతారు. పైగా బడి జాగాలో ఎవరినైనా ఉంచితే రేపు హెడ్మాస్టరు మెడకు చుట్టుకుంటుంది. నెలనెలా కిరాయి కట్టడం కూడా వద్దు. మీ కుటుంబంలో ఇద్దరు సంపాదిస్తున్నారు, ముసలామె పింఛన్ ఉంది. గోడ పడేదాకా కిరాయి కట్టుకున్నవాళ్ళు రేపు కూడా కడతారు. వాళ్ళు ఆగిపోయింది అడ్వాన్స్ దగ్గర. ఏ ఓనరైనా రెండు మూడు నెలల కిరాయి ముందే అడుగుతాడు, దాని మీద ఈ నెలది, పైన ఆటో ట్రాలీ ఖర్చు. రోజు కూలీ మీద బతికేవాళ్ళకు అంత మొత్తం ఒక్కసారి ఎక్కడినుంచి వస్తుంది? వడ్డీకి తెస్తారు. నూటికి ఐదు, పది. ఆ వడ్డీ కట్టలేక రెండో నెల కిరాయి ఆగుతుంది, మళ్ళీ ఖాళీ చేయమంటారు. ఈ తిరకాసు నేను చాలా ఇళ్ళలో చూశాను.

కాబట్టి మీ డబ్బును అడ్వాన్స్ నిధిగా పెట్టండి. డబ్బు కుటుంబం చేతికి కాకుండా ఓనరుకే ఇవ్వండి, మీ సంఘం పేరు మీద రసీదు రాయించుకోండి. వాళ్ళు ఎప్పుడు ఖాళీ చేసినా ఆ అడ్వాన్స్ మీకే తిరిగి రావాలని కాగితంలో ఉండాలి. కుటుంబం నెలకు ఐదొందలో ఎంతో మీకు తీరుస్తూ పోతే, తీరినంత మేరకు అడ్వాన్స్ వాళ్ళదవుతుంది. ఒక్కో ఇంటికి పది వేలనుకున్నా ఆరు ఇళ్ళకు సరిపోతుంది, మళ్ళీ తిరిగి వస్తుంది. తల్లి పొదుపు సంఘంలో ఉందో లేదో కనుక్కోండి. ఉంటే సంఘం లోపలి పొదుపు నుంచి చిన్న అప్పు తొందరగానే ఇస్తారు, బ్యాంకు దాకా పోనవసరం లేదు.

ఇంకోటి. ఇల్లు దొరికేదాకా సామాన్లకు ఒక తాళం గది చూడండి. ఏ ఫంక్షన్ హాల్ స్టోర్ రూమైనా, ఖాళీ మడిగైనా (షాపు గదైనా) సరే. నమ్మరు గానీ కుటుంబాలు షెల్టర్‌కు రాకపోవడానికి సగం కారణం సామాన్లే. బియ్యం డబ్బా, సిలిండరు, కుట్టుమిషను, పిల్లల పుస్తకాలు... ఇవి పోతే మళ్ళీ కొనలేరు. అందుకే ఆ తండ్రి అరుగు మీద పడుకున్నాడు. సామాన్లకు తాళం పడితే మనిషి కదులుతాడు.

జవాబు: రిటైర్డ్ గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్), వనపర్తి

ఆర్పీ అమ్మ చెప్పింది బాగుంది. నేను రెవెన్యూ వైపు నుంచి ఒక మాట కలుపుతాను.

కూలిన గోడను ఎవరూ ముట్టుకోకముందే ఫొటోలు తీయించండి. ఆ గోడను ఇప్పటికే తీసేశారా, లేదా? ఓనర్లు చేసే మొదటి పని జేసీబీ పిలిచి చదును చేయడం. తర్వాత మావాళ్ళు వచ్చి చూస్తే ఖాళీ జాగా కనబడుతుంది, పంచనామాలో ఏం రాస్తారు? తహశీల్దార్ ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి, పంచనామాలో ఇంటి ఓనరు పేరుతో పాటు అందులో కాపురమున్న కుటుంబం పేరు కూడా రాయించాలి. ఇది చాలామంది మర్చిపోతారు. అగ్ని ప్రమాదమైతే ఫైర్ స్టేషన్ రిపోర్టు కూడా కావాలి.

విపత్తు సాయం కింద 2022–26కు కేంద్రం పెట్టిన రేట్ల ప్రకారం మైదాన ప్రాంతంలో ఇల్లు పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. కచ్చా ఇల్లు కొంత దెబ్బతింటే 4,000. గుడిసెకు 8,000. ఇల్లు పూర్తిగా పోయిన కుటుంబానికి బట్టలకు 2,500, వంటపాత్రలూ ఇంటి సామాన్లకూ 2,500. ఇంటికిచ్చేది ఇల్లు ఎవరిదో వాళ్ళకు పోతుంది. కిరాయిదారుకు దక్కేదల్లా ఈ బట్టలు, పాత్రల పైసలే, అవి కూడా పేరు రాసి ఉంటేనే. అడ్వాన్స్‌కు, కొత్త కిరాయికి ఇందులో ఏమీ లేదు. నా సర్వీసంతా ఈ లోటు చూస్తూనే ఉన్నాను. కిరాయిదారు ఇల్లు పోగొట్టుకుంటే ప్రభుత్వ లెక్కలో ఆయన పోగొట్టుకున్నది గిన్నెలు మాత్రమే.

2009 అక్టోబర్ వరదల్లో అలంపూర్ వైపు డ్యూటీ చేశాను. కృష్ణా, తుంగభద్ర రెండూ కలిసి వచ్చినప్పుడు. క్యాంపులు పెట్టాం, అన్నం వండాం, అయినా మగవాళ్ళు రాత్రయ్యేసరికి బురదలో నడుచుకుంటూ ఇంటికి పోయేవారు. ఏముందయ్యా అక్కడ అంటే, తలుపులు లేవు సార్, ఉన్నవి పోతాయి అనేవారు. సామాన్ల గురించి ఆ అమ్మ రాసింది అందుకే నాకు వెంటనే ఎక్కింది. క్యాంపు పెట్టేటప్పుడు ఊళ్ళో కాపలా కూడా పెట్టాలని ఎవరికీ తోచదు, బియ్యం బస్తాల లెక్క మాత్రం రోజూ అడుగుతారు.

టీచర్ గారూ, ఇందిరమ్మ ఇంటికి కూడా దరఖాస్తు ఇప్పించండి, కానీ దాని మీద ఆశ పెట్టుకుని కిరాయి ఇల్లు వెతకడం ఆపొద్దు. ఐదు లక్షలు వస్తాయి సరే, ముందు సొంత జాగా ఉండాలి. వీళ్ళకు జాగా ఉందో లేదో మీరు రాయలేదు.

జవాబు: మిర్యాలగూడ, నాలుగు పోర్షన్ల ఓనర్

ఓనర్ల తరఫున నేనొక్కణ్ణే ఉన్నట్టున్నాను కాబట్టి చెప్తాను. అడ్వాన్స్ ఇచ్చినా ఇల్లు దొరుకుతుందని అనుకోకండి. ఐదుగురు అనగానే బోరు మోటారు, డ్రైనేజీ గుర్తొస్తాయి. అది దాటొచ్చు. నానమ్మ ఉంది కదా, అక్కడ ఆగుతారు. కిరాయి ఇంట్లో చావు జరిగితే ఏమవుతుందో మన వైపు అందరికీ తెలుసు. శవాన్ని లోపలికి రానివ్వని ఓనర్లున్నారు, ఆ పోర్షన్‌కు తర్వాత ఎవరూ రారని వాళ్ళ భయం. కులం అడిగి వద్దనేవాళ్ళు కూడా ఉన్నారు. పైకి "ఇల్లు వేరేవాళ్ళకు మాటిచ్చాం" అంటారు. నేను సమర్థించడం లేదు. మీరు వెతకడానికి వెళ్ళినప్పుడు టైం వృథా కాకూడదని రాస్తున్నాను.

పనిచేసే ఉపాయం ఒకటుంది. కుటుంబాన్ని ఒంటరిగా పంపకండి. మీ బడి టీచరు ఒకరు వెంట వెళ్ళి, "పిల్లలు మా బడిలో చదువుతున్నారు, కిరాయి ఆలస్యమైతే నాకు ఫోన్ చేయండి" అంటే నాలాంటివాడికి సగం టెన్షన్ పోతుంది. నాకు కావాల్సింది ఫోన్ ఎత్తే మనిషి. డబ్బు కన్నా అదే ఎక్కువ. మీ పాత విద్యార్థుల్లో ఎవరికో ఒకరికి పోర్షన్లు ఉండే ఉంటాయి, ముందు ఆ గ్రూపులో అడగండి.

జవాబు: మర్రిగూడ మామ

అంతా బాగానే ఉంది గానీ, ఇట్ల అడ్వాన్సులు ఇచ్చుకుంటూ పోతే రేపు ప్రతివాడు గోడ పడ్డదని మీ బడి ముందు నిలబడతాడు. అప్పుడేం చేస్తారు?

జవాబు: ఆర్పీ అక్క, మహబూబ్‌నగర్

మామా, నిలబడనీయండి. ఇల్లు కూలిందంటే, వెళ్ళి గోడ చూసి రావడానికి ఎంతసేపు? మా సంఘాల్లో ఇన్నేళ్ళుగా అప్పులు ఇస్తున్నాం, ఎగ్గొట్టేవాళ్ళు ఎవరో బస్తీకి ముందే తెలుసు. అడ్వాన్స్ ఓనరు దగ్గర ఉంటుంది కాబట్టి తినేసే దారి కూడా లేదు.

జవాబు: వకీలు, నాగర్‌కర్నూల్

ఈ కేసులో ఓనరు తప్పు లేదని ప్రశ్నలోనే ఉంది. కానీ ఇది చదివే వేరేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. ఇల్లు బాగానే ఉండి, కిరాయి తగాదాతో ఓనరు సామాన్లు బయట పడేస్తే అది చెల్లదు. ఖాళీ చేయించాలంటే కోర్టు దారిలోనే పోవాలి. బలవంతంగా వెళ్ళగొట్టినవాళ్ళు ఆరు నెలల లోపు కోర్టుకు వెళ్ళి మళ్ళీ స్వాధీనం కోరవచ్చు, నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ అదే చెప్తుంది. వకీలుకు డబ్బుల్లేవని ఆగొద్దు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు, విపత్తులో నష్టపోయినవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును పెడుతుంది. ఫోన్ నంబరు 15100.

ఇంకో సంగతి. భర్త కొట్టి వెళ్ళగొట్టిన ఇల్లాలైతే 181కు ఫోన్ చేస్తే సఖి కేంద్రంలో (హింసకు గురైన ఆడవాళ్ళకు ప్రభుత్వం నడిపే సాయం కేంద్రం) ఐదు రోజుల దాకా ఉండొచ్చు. అయితే ఎదిగిన మగపిల్లవాడిని అక్కడ ఉంచరు. ఈ తల్లి అడిగిన ప్రశ్నే అక్కడ కూడా వస్తుంది. చాలామంది ఆడవాళ్ళు కొడుకును ఎక్కడ వదలాలో తెలియక మళ్ళీ ఆ ఇంటికే పోతారు. టీచరు గారు ప్రజావాణిలో కాగితం ఇచ్చేటప్పుడు ఈ మాట కూడా రాస్తే మంచిది.

జవాబు: సోషల్ టీచర్, నల్లగొండ

అందరికీ చాలా థాంక్స్. ఒక్కొక్కరికీ విడిగా రాయలేకపోతున్నాను.

గిర్దావర్ సార్, జేసీబీ ఇంకా రాలేదు. ఫొటోలు తీశాం, దరఖాస్తు ఇచ్చాం, కుటుంబం పేరు రాయించాం. సొంత జాగా లేదు. ఉన్న కొంచెం దేవరకొండ దగ్గర తండ్రి అన్నదమ్ముల మధ్య తగాదాలో ఉంది.

మిర్యాలగూడ అన్న చెప్పినట్టే అయింది. రెండు చోట్ల నానమ్మ దగ్గరే ఆగిపోయారు. ఒకామె అయితే, "అవ్వను ఊళ్ళో ఉంచి రారాదా" అని మొహం మీదే అడిగింది. నానమ్మ ఆ మాట విని, నేను పోతా బిడ్డా, మీరుండండి అంటోంది. కొడుకు ఒప్పుకోలేదు. ఇక పాత విద్యార్థుల గ్రూపులో అడిగితే, రామగిరి వైపు ఒకబ్బాయి వాళ్ళ నాన్నతో మాట్లాడి వెనక పోర్షన్ ఇప్పిస్తానన్నాడు. రెండు గదులు, బడికి నడిచి రావొచ్చు. సున్నం వేయించి వచ్చే నెల ఒకటో తారీఖుకు ఇస్తారు. అడ్వాన్స్ మేమే ఇస్తున్నాం, కాగితం ఆర్పీ అక్క చెప్పిన పద్ధతిలో రాయిస్తున్నాం. వకీలు గారూ, ఆ కాగితం ఒకసారి మీకు పంపితే చూస్తారా?

అప్పటిదాకా సామాన్లకు మా పీఈటీ సార్ వాళ్ళ ఖాళీ మడిగ దొరికింది, తాళం చెవి తండ్రి దగ్గరే ఉంచాం. పిల్లవాడిని ఈ కొన్ని రోజులు బీసీ హాస్టల్లో ఉంచుదామని వార్డెన్‌ను అడిగాను, సరేనన్నాడు. కానీ పిల్లవాడే నాన్నతో ఉంటానన్నాడు, బలవంతం చేయలేదు. మడిగలో తండ్రికీ వాడికీ పడుకునే చోటుంది, లైటు ఉంది, చదువుకోవచ్చు.

వసతి కేంద్రంలో ప్లైవుడ్ గదుల గురించి కాగితం రాశాను. స్టాఫులో పదకొండు మంది సంతకాలు పెట్టారు, ఇద్దరు తర్వాత చూద్దామన్నారు. సోమవారం వెళ్తున్నాం.

ఒక్క చిన్న సందేహం మిగిలింది. మడిగ పక్కన బట్టల షాపు ఉంది. గ్యాస్ సిలిండరు అక్కడ పెట్టడానికి షాపతను ఒప్పుకోవడం లేదు, ఆయన భయం ఆయనది. దాన్ని ఎక్కడ పెట్టాలి?

జవాబు: ఆర్పీ అక్క, మహబూబ్‌నగర్

షాపతను చెప్పింది కరెక్టే టీచరమ్మా, మూసిన మడిగలో సిలిండరు పెట్టొద్దు. ఆడవాళ్ళు పడుకునే ఆ చుట్టాల ఇంటికే పంపండి. రెగ్యులేటర్ తీసి, మూతి మీద క్యాపు పెట్టి, నిలబెట్టి తీసుకుపొమ్మనండి. ఆ సిలిండరు మీద నాలుగు రోజులు ఆ ఇంటివాళ్ళకు కూడా వంటైతే వాళ్ళకూ బరువనిపించదు. గ్యాస్ బుక్కు మాత్రం తల్లి దగ్గరే ఉంచుకోమనండి, కొత్త ఇంటికి పోయాక ఏజెన్సీలో అడ్రస్ మార్చుకోవాలి. సోమవారం కాగితం ఇచ్చాక రసీదు నంబరు ఇక్కడ పెట్టండి, మా కమిషనర్ సార్‌కు కూడా అదే నమూనాలో ఒకటి ఇస్తాం.